ముందు వరుస వెనక ఉన్నవారు
(విజయనగరంలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇచ్చిన అంశం "సైనిక ప్రత్యేక దళాల్లో సహాయక సిబ్బంది, వారి ఉద్యోగ భవిష్యత్తు". డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకోవలసిన సభలో ఇదేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని కొడుకో, అల్లుడో, మనవడో సైన్యంలోనో నేవీలోనో పోలీసులోనో ఉన్నవాళ్లు ఈ హాలులో ఎందరున్నారో చెయ్యి ఎత్తమంటే సగం చేతులు లేస్తాయి. ఆ పిల్లలు సెలవుమీద ఇంటికి వచ్చినప్పుడు అడిగేది మనల్నే. మనం చెప్పేది సరిగా ఉండాలని నేను సిగ్నల్స్‌లో చూసినదీ, తర్వాత రాష్ట్ర ప్రభుత్వ కొలువులో కాగితాల మధ్య నేర్చుకున్నదీ కలిపి మనవి చేస్తున్నాను.

ప్రత్యేక దళం అనగానే మనకు ముఖానికి రంగు పూసుకున్న కమాండో గుర్తుకొస్తాడు. నేవీలో 1987లో మొదలైన మార్కోస్ దళానికి మన పక్కనే భీమిలి దగ్గర ఐ.ఎన్.ఎస్. కర్ణ అనే స్థావరం ఉంది. దానిని 2016 జూలైలో ప్రారంభించారు. సైన్యంలో పారా ప్రత్యేక దళాలున్నాయి. పోలీసులో 1989లో కె.ఎస్. వ్యాస్‌గారు తీర్చిదిద్దిన గ్రేహౌండ్స్ ఉంది. వీళ్ల సాహసం పత్రికల్లో వస్తుంది, రావాలి కూడా. మన శ్రీకాకుళం జిల్లాకు చెందిన మేజర్ మళ్ల రామగోపాల్ నాయుడుగారికి 2024లో కీర్తిచక్ర ప్రకటించినప్పుడు మనమందరం గర్వపడ్డాం.

అయితే ఏ దళమైనా అడుగు ముందుకు వెయ్యాలంటే వెనక వైర్‌లెస్ ఆపరేటర్ ఉండాలి. నర్సింగ్ అసిస్టెంటు, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్, డ్రైవరు, పారాచూట్లు మడతపెట్టేవాడు, స్టోర్ కీపరు, వంటవాడు ఉండాలి. అమెరికా ప్రత్యేక దళాలవారు తమకు అయిదు సత్యాలున్నాయని చెప్పుకుంటారు. ఆ దళాలకు చెందని ఇతరుల సాయం లేనిదే వాళ్ల పనుల్లో ఎక్కువభాగం జరగవన్నది అందులో అయిదోది. అంత పెద్ద సైన్యమే ఒప్పుకున్న మాట అది. మన పిల్లల్లో చాలామంది చేస్తున్నది ఈ వెనక పనే.

ఇందులో ఉన్న చిక్కు మన ఇళ్లలో తెలియదు. సిగ్నల్స్‌లో చేరిన కుర్రాడు పారా యూనిట్‌కు స్వచ్ఛందంగా వెళ్లాడనుకోండి. కమాండోలతోపాటే పరీక్షాకాలం గడుపుతాడు. ఆగ్రాలో విమానంలోంచి దూకడం నేర్చుకుంటాడు. రొమ్ముమీద రెక్కల బ్యాడ్జీ వస్తుంది, అదనపు భత్యం వస్తుంది, ఊళ్లో పేరు వస్తుంది. కాని అతని సీనియారిటీ ఆ యూనిట్‌లో ఉండదు. సిగ్నల్స్‌వారి రికార్డ్స్ ఆఫీసు జబల్‌పూర్‌లో ఉంది, ప్రమోషన్ జాబితా అక్కడ తయారవుతుంది. నర్సింగ్ అసిస్టెంటుకు లక్నో, ఇ.ఎం.ఇ. మెకానిక్‌కు సికింద్రాబాద్, ఆర్మీ సర్వీస్ కోర్ డ్రైవరుకు బెంగుళూరు. నాయక్ కావాలన్నా హవల్దారు కావాలన్నా ఆ కోర్ పెట్టిన కేడర్ కోర్సు, ట్రేడ్ పరీక్ష పాసవ్వాలి.

ఇప్పుడు కోర్సుకు పిలుపు వచ్చిందనుకోండి. సరిగ్గా అదే సమయానికి దళం ఏ కొండల్లోనో ఉంటుంది. "నువ్వు లేకపోతే సెట్టు ఎవరు చూస్తారు, వచ్చే ఏడు వెళ్దువుగాని" అంటారు. ఆ మాటలో ద్వేషం లేదు, నిజంగా ప్రేమే. పనిమంతుణ్ణి వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. అలా రెండుసార్లు గడిస్తే ఇతనితోపాటు చేరి ఎక్కడో మైదానంలో కూర్చున్నవాడు హవల్దారు అవుతాడు, ఇతను సిపాయి దగ్గరే ఆగిపోతాడు. అగ్నిపథ్‌కు ముందు చేరినవారి విషయంలో దీని అర్థం మీకు వెంటనే తెలుస్తుంది. సిపాయిగా మిగిలితే 17 నుంచి 19 ఏళ్లలో ఇంటికి, హవల్దారైతే 24 నుంచి 26 ఏళ్లు. పద్దెనిమిదో ఏట చేరినవాడు 36 ఏళ్లకే బయట పడతాడు. అప్పటికి పిల్లలు ఆరో తరగతిలో ఉంటారు, అప్పు తీరదు. పెన్షన్ లెక్క కట్టే మనకు ఆ ఏడేళ్ల తేడా ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

అందుచేత నా మొదటి సలహా. యూనిట్‌లో చేరిన రోజే తన ట్రేడ్‌లో తర్వాతి మెట్టు ఏమిటో, దానికి ఏ కోర్సు కావాలో, ఎప్పటిలోగా కావాలో ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. పిలుపు వచ్చినప్పుడు వెళ్లలేకపోతే కారణం కాగితంమీద ఉండేలా చూసుకోవాలి. నోటిమాట పదేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. మూడు నాలుగేళ్లు దళంలో చేశాక తన కోర్‌కు ఒకసారి తిరిగివెళ్లి రావడం అవమానం కాదు. కుర్రాళ్లకు ఈ మాట రుచించదు. రెక్కల బ్యాడ్జీ తీసి పెట్టెలో పెట్టాలంటే ఎవరికి మాత్రం ఇష్టం? పెద్దలే చెప్పాలి.

భత్యం గురించి ఒక్క మాట. అది దళంలో ఉన్నంతవరకే. దాన్ని చూసుకుని ఇంటిమీద మేడ వేస్తే, బదిలీ అయిన నెలే వాయిదా తప్పుతుంది.

గ్రేహౌండ్స్ సంగతి కూడా ఇలాంటిదే. అక్కడివారు పోలీసు శాఖలోంచి ఎంపికై వెళ్లినవారే. వయసు మీరాక మాతృవిభాగానికి తిరిగి రావలసినవారే. చింతలవలస అయిదో బెటాలియన్ చుట్టుపక్కల నివసించేవారికి ఇది బాగా తెలుసు.

ఇక బయటికి వచ్చాక ఏమిటి? ఇక్కడ ట్రేడ్‌ను బట్టి తేడా చాలా ఉంది. వైర్‌లెస్, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడికి దారి దొరుకుతుంది. డ్రైవరు సర్వీసులో ఉండగానే సివిల్ లైసెన్సు, హెవీ వాహనాల అర్హతతో సహా, చేయించుకుని తెచ్చుకోవాలి. స్టోర్ కీపరు కంప్యూటర్ లెక్కలు నేర్చుకుంటే గోదాములున్న ఏ కంపెనీ అయినా తీసుకుంటుంది. కష్టమంతా నర్సింగ్ అసిస్టెంటుదీ, ఆర్మరర్‌దీ. బుల్లెట్ తగిలినవాడి ప్రాణం నిలబెట్టిన చెయ్యి అయినా, బయటి ఆసుపత్రి మొదట అడిగేది రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్. తన శిక్షణకు ఏ గుర్తింపు వర్తిస్తుందో, ఇంకేం చదవాలో సర్వీసులో అయిదారేళ్లు మిగిలి ఉండగానే తెలుసుకోవాలి. ఆర్మరర్‌కు తుపాకుల పని బయట ఎక్కడుంటుంది? ఫిట్టర్, మెషినిస్ట్ సర్టిఫికెట్ సంపాదించుకుంటే అదే చేతిపని అతనికి అన్నం పెడుతుంది.

పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసు చేసిన మాజీ సైనికుణ్ణి కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో చాలావాటికి డిగ్రీతో సమానంగా చూస్తారు. ఆ ఉద్యోగాల్లో మాజీ సైనికులకు పది శాతం, ప్రభుత్వ బ్యాంకుల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో పద్నాలుగున్నర శాతం రిజర్వేషను ఉంది. పునరావాస కోర్సులు కూడా ఉన్నాయి, వాటికి దరఖాస్తు సర్వీసు ఆఖరులోనే పెట్టుకోవాలి. రిటైరయ్యాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవడం మరిచిపోతారు, అదో బాధ.

అగ్నివీరుల లెక్క వేరు. 2022 జూన్‌లో ఆ పథకం ప్రకటించారు. నాలుగేళ్ల సర్వీసు, పెన్షన్ లేదు. పథకం ప్రకటించినప్పుడు నూటికి ఇరవై అయిదుమందివరకు కొనసాగిస్తామన్నారు. బయటికి వచ్చేవారికి సేవానిధి కింద సుమారు 11 లక్షల 71 వేల రూపాయలు వస్తాయన్నారు. తొలి బ్యాచ్ 2022 చివర, 2023 మొదట్లో శిక్షణలో చేరింది. నాలుగేళ్లు ఎప్పటికి నిండుతాయో మీరే కూడుకోండి. ఇంత తక్కువ కాలంలో సహాయక ట్రేడ్‌లో చేరినవాడికి కమాండో దళం మోజుకన్నా చేతిలోకి వచ్చే సర్టిఫికెట్ ముఖ్యమని నా అభిప్రాయం. తుపాకీ పట్టే పనికీ, రేడియో పట్టే పనికీ రెండింటికీ ఎంపికయ్యే అవకాశముంటే రేడియోవైపు వెళ్లమంటాను. దీనికి నాతో వాదించేవారు ఈ సభలోనే ఉన్నారని నాకు తెలుసు. ఆ డబ్బు మాత్రం పెళ్లి పందిరికీ, కారుకూ ఖర్చు కాకుండా చూడవలసింది మనమే.

చివరిగా కాగితాలు. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ లాంచీమీద దాడి జరిగింది. ముప్ఫైమందికి పైగా జలసమాధి అయ్యారు. మన జిల్లాల సరిహద్దు దాటితే అంత దగ్గర అది. అటువంటి వార్త విన్నప్పుడల్లా నాకు నామినేషన్ కాగితాలు గుర్తొస్తాయి. పెళ్లికి ముందు తల్లి పేరు రాసినవాడు పెళ్లయ్యాక మార్చడు. తర్వాత అత్తాకోడళ్లు ఒకే గుమ్మంలో రెండు అర్జీలు పట్టుకుని నిలబడతారు. పెళ్లి, పిల్లల జననం సర్వీసు రికార్డులో పార్ట్ టూ ఆర్డరుగా నమోదు కావాలి. మన ఇంటిపేరు తగువు మరొకటి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, రికార్డులో అది వెనక్కి వెళ్తుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మిగులుతుంది, భార్య కార్డులో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. రక్షణ పెన్షన్లు స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి వెళ్లాక ఒక్క అక్షరం తేడాకు కూడా కుటుంబ పెన్షన్ ఆగుతోంది. టెక్కలివైపు నాకు తెలిసిన ఒక తల్లి పదకొండు నెలలు తిరిగింది. భర్త పేరులో ఒక అక్షరం తేడా, అంతే.

ఈసారి పిల్లలు సెలవుకు వచ్చినప్పుడు ఆధార్, పాన్, పదో తరగతి సర్టిఫికెట్, సర్వీసు రికార్డు నకలు, బ్యాంకు పుస్తకం ఒకచోట పరిచి పేర్లు, పుట్టిన తేదీలు పోల్చి చూడండి. కోడలివి కూడా తప్పనిసరిగా చూడండి. తేడా కనబడితే ప్రతి నెలా రెండో శనివారం ఉదయం పది గంటలకు మన సంఘం కార్యాలయానికి తీసుకురండి. నేనూ, రెవెన్యూలో రిటైరయిన మరో ఇద్దరు మిత్రులూ అర్జీలు రాసిపెడతాం. జిరాక్సులు మాత్రం మీరే రెండు సెట్లు తెచ్చుకోవాలి, మన మిషను మూలపడి చాలా రోజులైంది.