బయలుదేరే ముందు యాజ్ఞవల్క్యుడు చేసిన పని



ఈ సాయంకాలము బృహదారణ్యకోపనిషత్తులోని మైత్రేయీ బ్రాహ్మణమును విచారించుకొందాము. మీలో చాలమంది విన్న ఘట్టమే. అయితే మేము ఉపన్యాసకులము సాధారణముగా త్వరగా దాటిపోయే మొదటి మాటల దగ్గరనే ఈ రోజు కొంతసేపు ఆగుదాము.

యాజ్ఞవల్క్య మహర్షికి మైత్రేయి, కాత్యాయని అని ఇద్దరు భార్యలు. ఆయన గృహస్థాశ్రమమును విడిచి వెళ్ళదలచాడు. వెళ్ళేముందు మైత్రేయిని పిలిచి, తాను వెళ్ళిపోతున్నాననీ, ఆమెకూ కాత్యాయనికీ మధ్య ఉన్నదానిని ఏర్పాటు చేసి పోతాననీ చెప్పాడు. ఆత్మతత్త్వమును గురించిన అంతటి మహోపదేశము ఆస్తి ఏర్పాటుతో మొదలైనదన్నమాట! ఆయన బ్రహ్మజ్ఞాని. "ఇదంతా మిథ్య, వాళ్ళే పంచుకొంటారులే" అని కమండలము పట్టుకొని నడిచిపోలేదు.

మరి మనము? ఇంట్లో వీలునామా మాట ఎత్తితే, "శుభమా అని ఇప్పుడా మాటలెందుకు" అని నోరు మూయిస్తారు. జీవిత బీమా కడుతున్నాము కదా, అదీ మరణమును తలచుకొని కట్టేదే. దానికి లేని అశుభము దీనికి ఎక్కడినుండి వచ్చినది?

వాయిదా వేసినవారి కథ కూడా మనకు ఉన్నది. దశరథ మహారాజు కైకేయికి రెండు వరాలు బాకీపడ్డాడు. అవి ఏళ్ళ తరబడి అలాగే నిలిచిపోయినవి. చివరకు వార్ధక్యము మీదపడి, దుశ్శకునాలు కనబడిన తరువాత, భరతుడు మేనమామ ఇంట ఉండగానే, పట్టాభిషేకము రేపే అన్నాడు. ఆ వార్త కైకేయికి భర్త నోట చేరలేదు, మంథర నోట చేరినది. అవతార ప్రయోజనము వేరు, దానిని అలా ఉంచుదాము. ఒక గృహస్థు ఇల్లు చక్కబెట్టుకొన్న తీరుగా చూస్తే మాత్రము, ఇంటివారితో ముందే కూర్చొని చెప్పవలసిన మాటను ఆఖరి రాత్రికి ఉంచుకొన్న ఫలితము ఎట్టిదో అయోధ్య అంతా చూచినది.

ఇక మన తడ సంగతి. పులికాటు ఒడ్డున ఉప్పుదేరిన నేలను ఒకప్పుడు అడిగే నాథుడు లేడు. పక్కనే సత్యవేడు, వరదయ్యపాళెము మండలాలలో 2008లో శ్రీసిటీ మొదలైన తరువాత ఈ ప్రాంతపు భూములకు కొత్త విలువ వచ్చినది. పట్టా మాత్రము తాతగారి పేరుననే ఉన్న ఇళ్ళు ఎన్ని! తాతకు నలుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. వారిలో ఇద్దరు గతించారు, ఒకరు చెన్నపట్నములో, ఒకరు విదేశములో. ధర లేనప్పుడు అందరూ తోబుట్టువులే. ధర వచ్చిన తరువాత అందరూ వాటాదారులు. 2021లో కరోనా రెండవ విడతలో, నిన్న మాటాడిన మనిషి నేడు లేకపోవడమును కూడా చూచినాము. ఏ బ్యాంకులో ఏమున్నదో, ఎవరికి ఎంత ఇచ్చాడో భార్యకు చెప్పే వ్యవధి లేక పోయినవారు ఎందరో.

ధర్మశాస్త్రము ఈ విషయమును ఏనాడూ చిన్నచూపు చూడలేదు. యాజ్ఞవల్క్యుని పేరిట వెలసిన స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షరా వ్యాఖ్య వ్రాశాడు. దాయభాగమునకు అది శతాబ్దాలపాటు ప్రమాణము. దానిని 13వ శతాబ్దములో తెనుగు పద్యాలలోనికి తెచ్చిన కేతన, తన దశకుమార చరిత్రను నెల్లూరి తిక్కన సోమయాజికి అంకితమిచ్చిన కవి. 2022లో మన మండలము తిరుపతి జిల్లాలోకి పోయినా, ఈ గౌరవములో మన వాటా మనకు ఉన్నది.

వ్రాయకుండా పోతే ఏమవుతుంది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టము మన తరఫున నిర్ణయిస్తుంది. పురుషుని స్వార్జితము అతని భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్ళకు సమానముగా పోతుంది. ఇది న్యాయమే. కాని బ్రతికి ఉన్న తండ్రికి ఆ వరుసలో చోటు లేదు. మతిస్థిమితము లేని బిడ్డకు ఎక్కువ కావాలని చట్టమునకు తెలియదు. పాతికేళ్ళు సేవ చేసిన కోడలు దానికి కనబడదు.

తల్లులారా, మీరు మరింత శ్రద్ధగా వినవలెను. 1955లో వివాహమైన ఒకామె మూడు నెలలకే భర్తను కోల్పోయినది. అత్తవారు వెళ్ళగొట్టారు. కన్నవారు చదివించారు. ఉద్యోగము చేసి కూడబెట్టి, 1996లో వీలునామా లేకుండా కన్నుమూసినది. 2009లో సుప్రీంకోర్టు, సానుభూతి చట్టమును మార్చలేదని చెప్పి, ఆ సొమ్మును భర్త తరఫు వారికే ఇచ్చినది. సంతానము లేని వితంతువు స్వార్జితము భర్త వారసులకు పోవునని చట్టములో ఉన్నది మరి. ఒక్క కాగితము ఉంటే అది తన్ను ఆదరించిన పుట్టింటికి చేరేది. హిందూ స్త్రీలు వెంటనే వీలునామా వ్రాసుకోవలెనని 2025లో అదే న్యాయస్థానము విజ్ఞప్తి చేసినది.

"వ్రాసి ఇచ్చేస్తే పిల్లలు చూడరండీ" అని పెద్దలు నాతో అంటారు. ఆ భయము నిజమే. కాని వారు రెండు పత్రాలను కలిపి చూస్తున్నారు. దానపత్రము వ్రాసి రిజిస్టరు చేస్తే ఆస్తి ఆనాడే చేతులు మారుతుంది. వీలునామా అలా కాదు. మీ ఊపిరి ఉన్నంతవరకు ఇల్లూ పొలమూ మీవే. మనసు మారితే చించివేసి మరొకటి వ్రాయవచ్చును, చివరిదే చెల్లుతుంది. అంతకంటె కాపుదల ఏమి కావాలి?

దానికి స్టాంపు కాగితము అక్కరలేదు. తెల్లకాగితముపై మీ తెలుగులోనే, స్వస్థచిత్తముతో, ఏ సర్వే నంబరు ఎవరికో విశదముగా వ్రాసి, ఇద్దరు సాక్షులు చూచుచుండగా సంతకము చేయవలెను; వారూ మీ ఎదుట సంతకము చేయవలెను. ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకపోవడము మంచిది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, అయినా చేయిస్తే తరువాతి అనుమానాలు తగ్గుతాయి. పిత్రార్జితములో మీ వాటా వరకే వ్రాయగలరు. బ్యాంకులో నామినీ పేరు ఉన్నది కదా అని ఊరుకోవద్దు. ఆ నామినీ సొమ్ము పుచ్చుకొనేవాడే గాని, అంతమాత్రముచేత యజమాని కాడు.

దేవాలయ వేదికపై నిలబడి ఇంకొక మాట కూడా చెప్పవలెను. దేవునికి ఎకరా ఇస్తానని పదిమందిలో అని, వ్రాయకుండా పోయినవారు ఉన్నారు. ఆ నోటిమాట పిల్లలకు వ్యాజ్యమును మిగిల్చినదే గాని దేవునికి ఏమీ చేరలేదు. ఇవ్వదలచుకొంటే వ్రాయండి. అయితే భార్య గ్రాసమును తీసి స్వామికి వ్రాయకండి. ఆయనకు ఆకలి లేదు, ఆమెకు ఉన్నది.

"ధనము మాయ అని మీరే చెప్పి, దానికి పత్రము వ్రాయమంటారేమి?" అని మీరు అడుగవచ్చును. మైత్రేయి వద్దకే మళ్ళీ వెళదాము. ఈ భూమి అంతా ధనముతో నిండి నాదైనా, దానితో అమృతత్వము వస్తుందా అని ఆమె భర్తను అడిగినది. రాదు, కలవారి బ్రతుకు వస్తుందంతే అన్నాడు ఆయన. అయితే అది నాకెందుకు అన్నది. ఆ మాట ఆమె అనగలిగినది, ఆయన ముందుగా వాటా ఇవ్వబూనాడు గనుక. చేతికి రానిదానిని ఎవరు త్యజించగలరు? కాత్యాయని ఏమన్నదో ఉపనిషత్తు చెప్పలేదు. ఆమెకు ఇల్లు గడపవలసిన చింత ఉండి ఉండవచ్చును, మహర్షి ఆమెనూ మరువలేదు.

ఇక మైత్రేయి అడిగిన దానికి యాజ్ఞవల్క్యుడు చేసిన ఉపదేశమును రేపు సాయంకాలము విచారించుకొందాము.

స్వస్తి.