హోటలు హోదా, కొసరు లెక్క



ఎడమకాలువ క్రింద సేద్యము చేయు మన నిడమనూరు ప్రాంతపు బిడ్డలు పలువురు నేడు హైదరాబాదులోను విదేశములలోను కొలువులు చేయుచు, పనిమీద పెద్ద హోటళ్లలో బస చేయుచున్నారు.

ఆ హోటళ్లవారు తమయొద్ద గడపిన రాత్రులను లెక్కించి హోదా లిత్తురు. మారియట్ వారి పద్ధతిలో ఏటికి 25 రాత్రులకు గోల్డు, 50కి ప్లాటినము, 75కి టైటానియము. అన్నిటికిని పైదానికి 100 రాత్రులును, 23,000 డాలర్ల వ్యయమును కావలయును. ప్లాటినమువారికి పలుచోట్ల ఉదయపు ఫలహారము ఉచితము. ఖాళీ యున్నయెడల మేలైన గది.

చిక్కంతయు డిసెంబరులో వచ్చును. 40 రాత్రులైనవాడు తక్కిన పదింటికై, పని లేకున్నను, గది తీసికొనును. సెలవులకు ఇంటికి రావలసినవాడు నగరమున పరాయి పడకకు పైకమిచ్చుట విడ్డూరము గాక మఱేమి!

గది 7,000 రూపాయలైనచో పది రాత్రులకు 70,000. మరుసటి యేట అతడు ప్లాటినముతో 20 రాత్రులుండు ననుకొందము. ఫలహారమునకు హోటలువారి ధర కట్టరాదు. హోదా లేనినాడు అతడు బయట ఇడ్లీకి పెట్టు 150 రూపాయలే దాని విలువ. మేలైన గదికి తన జేబునుండి 500 ఇచ్చు ననుకొన్నను, మొత్తము 13,000. పాయింట్లు కొన్ని వచ్చును గాని ఆ లోటు పూడ్చవు. కంపెనీయే ఫలహారము పెట్టించునెడల ఆ 13,000లోను కోత పడును. మన అంగడి భాషలో ఇది కొసరు కొఱకు సరకు కొనుట.

ప్లాటినము పోయినను అతడు వీథిని పడడు. 40 రాత్రులవాడు గోల్డులో నుండనే యుండును. రెండు మూడు రాత్రులే కొదువయై, రానున్న యేట ప్రయాణములు మిక్కుటముగా నుండునని రూఢియైనచో మాత్రము కొనవచ్చును. ఆ ప్రయాణములు నిశ్చయమైనవియో, ఊహయో, మీ బిడ్డను ముందు అడిగి చూడుడు.