నొప్పికి పేరు అడుగుదాం

(వైద్య శిబిరం రోజున మాదిగవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున లైన్లో నిలబడ్డవాళ్ళ పాత చీటీలు చూసినం. చాలావాటి మీద ఒక్కటే మాట: ‘ఒళ్ళునొప్పులు’. పక్కటెముకలు పట్టేసినయి, ఊపిరి నిండా తీస్తే గుంజుతది, కూర్చుంటే లేవలేం అని ఎంత చెప్పుకున్నా రాసింది అదే. నాట్లేసేవాళ్ళకు నొప్పులు రావా అంటరు. దొరకు నడుం నొప్పి వస్తే ఎక్స్‌రే, మనకొస్తే సూది!

మా తప్పూ ఉంది. బడిలో బల్ల మీద ఫ్లోరిన్ అని రాసి పిల్లలతో వల్లె వేయించిన వాళ్ళమే, ఇంట్లో అమ్మ నడుం వంగిపోతుంటే ఆమె తాగే బోరింగు దిక్కు చూడలేదు. ఎక్స్‌రే తీయించేసరికి వెన్ను కట్టెలా బిగుసుకుపోయింది. “ముందే ఎందుకు చెప్పలేదు బిడ్డా” అన్నది. మా దగ్గర జవాబు లేదు.

ఇది కొత్త జబ్బు కాదు. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో డాక్టర్లు దీన్ని గుర్తించి రాసినరు. పటిక, సున్నం, బ్లీచింగు కలిపి నీళ్ళు తేర్చే పద్ధతికి నల్గొండ పేరే పెట్టినరు. (పేరూ మన జిల్లాదే, వంగిన నడుములూ మన జిల్లావే.)

ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏండ్ల తరబడి తాగితే బొక్కలకు పడుతుంది. పక్కటెముకలు వెన్నును కలిసే కీళ్ళు బిగుస్తే రొమ్ము విప్పారదు. ఊపిరి గుంజుడు అందుకే. కాచినా పోదు, నీళ్ళు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కనవుతుంది.

అట్లని ప్రతి నొప్పీ ఫ్లోరైడు కాదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గుడు, వెన్నులో ఒకేచోట నొప్పి ఉంటే వెన్ను టీబీ కావచ్చు. దగ్గు లేకున్నా వస్తది. నెలల తరబడి మందులు వాడితే నయమయ్యే జబ్బు. సర్కారు దవాఖానలో మందులు ఉచితం. కాళ్ళల్లో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలె. సూది వేసేటాయన్ను అందులో ఏముందో అడగండి. స్టెరాయిడయితే రెండ్రోజులు నొప్పి మరిపిస్తది, మాటిమాటికీ పడితే బొక్కల్ని గుల్ల చేస్తది.

2016లో మిషన్ భగీరథ మొదలైంది, మనకూ నల్లాలు వచ్చినయి. కానీ పైపు పగిలితే ఊర్లో రెండ్రోజుల్లో బాగవుతది, వాడలో నెల పడుతది. ఆ నెలంతా మళ్ళీ పాత బోరింగే. 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్ళు దోసిట పట్టింది ఈ నీళ్ళ పంచాయితీ మీదనే.

సోమవారం ప్రజావాణికి పోదాం. ప్రతి బోరింగు నుంచి ఒక సీసా నీళ్ళు, ఎక్కడిదో దాని మీద రాసి తెండి. రాయరాని వాళ్ళకు బడి పిల్లలు రాసిపెడతరు. చీటీలు, ఎక్స్‌రేలు ఉంటే అవి కూడా. బస్సు ఎనిమిదింటికి.