ఆరేళ్ల అధ్యక్షుడు, డెబ్బై ఏళ్ల పార్టీ

ఈ ఉపన్యాసానికి మెక్సికో కథ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. క్రమం తప్పకుండా ఎన్నికలు జరుపుతూనే 1929 నుంచి 2000 దాకా దేశాధ్యక్ష పదవిని చేజారనివ్వని పార్టీ అక్కడుంది. మధ్యలో పేర్లు మారాయి. 1946 నుంచి పీఆర్ఐ. దొంగ ఓట్లు, లాఠీలు లేవా అంటే ఉన్నాయి. కానీ ఒట్టి దౌర్జన్యంతో డెబ్బై ఏళ్లు నెట్టుకురావడం ఎవరి తరమూ కాదు.

ముందు ఆ పార్టీ పుట్టుక చూద్దాం. 1928లో రెండోసారి అధ్యక్షుడిగా ఎన్నికైన ఒబ్రెగోన్‌ను పదవి చేపట్టకముందే కాల్చి చంపారు. మెక్సికో విప్లవంలో పోరాడిన సేనానులు కుర్చీ కోసం ఇలా కొట్టుకుచస్తే చివరికి ఎవరూ మిగలరని అప్పటి అధ్యక్షుడు కాయెస్ గ్రహించాడు. మరుసటి ఏడాది అందర్నీ ఒకే పార్టీ గొడుగు కిందికి తెచ్చాడు. తెరవెనుక చక్రం తనదేననుకున్నాడు. ఆయన ఆశీస్సులతోనే గద్దెనెక్కిన లాసారో కార్దెనాస్ 1936లో ఆయన్నే విమానమెక్కించి దేశం దాటించాడు!

అక్కణ్ణుంచి ఒక ఆచారం కుదురుకుంది. అధ్యక్షుడికి ఆరేళ్లు, మళ్లీ పోటీ లేదు. ఆ ఆరేళ్లూ ఆయన మాటే శాసనం. వారసుణ్ణి తానే వేలు చూపి ఎంచేవాడు, దిగాక నోరు మెదిపేవాడు కాదు. పార్టీ ఆయువుపట్టు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఈసారి పదవి దక్కనివాడికి పార్టీని చీల్చే అవసరం లేదు. ఆరేళ్లు ఓపిక పడితే పాతవాళ్లు ఎలాగూ దిగిపోతారు.

కార్దెనాస్ దాదాపు 1.8 కోట్ల హెక్టార్ల భూమిని రైతులకు పంచాడు. దాన్ని అమ్ముకునే, తాకట్టు పెట్టే హక్కు వాళ్లకు ఉండేది కాదు. సాగుకు అప్పు కావాలంటే ప్రభుత్వ బ్యాంకే దిక్కు, సిఫారసుకు పార్టీ రైతు సంఘం నాయకుడే దిక్కు. మేలు చేసిన మాట నిజం, పలుపు తన చేతిలోనే ఉంచుకున్న మాటా నిజం. ఆ రోజుల్లో పత్రికలకు న్యూస్‌ప్రింట్ ఇచ్చిందీ ప్రభుత్వ సంస్థే. బస్సుల్లో జనాన్ని సభలకు తోలి తిండి పొట్లాలు పంచడం గురించి మీకు నేను వేరే చెప్పాలా?

1976లో బ్యాలెట్ మీద అధ్యక్ష అభ్యర్థి ఒక్కడే మిగిలాడు. ఆ గెలుపు చూసి గెలిచినవాళ్లకే దడ పుట్టింది. మరుసటి ఏడాదే చట్టం మార్చి, దిగువ సభలో ప్రతిపక్షాలకు 100 సీట్లు దక్కే ఏర్పాటు చేశారు.

1982 అప్పుల సంక్షోభంతో పంచడానికి డబ్బు కరువైంది. పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఎంపికలో సభ్యుల మాటా చెల్లాలన్న కార్దెనాస్ కొడుకు కువాతెమోక్, అది సాగక 1987లో బయటికొచ్చి పోటీకి దిగాడు. 1988 జూలై 6 రాత్రి ఓట్ల లెక్కలు చెప్పే కంప్యూటర్లు మొరాయించాయి. చివరికి పార్టీ అభ్యర్థి సలీనాస్ గెలిచాడని ప్రకటించారు. ఆ బ్యాలెట్లను తర్వాత పార్లమెంటు అనుమతితోనే తగలబెట్టారు.

1996లో ఎన్నికల నిర్వహణను ప్రభుత్వం చేతిలోంచి పూర్తిగా తప్పించారు. మరుసటి ఏడాది దిగువ సభలో పార్టీకి మెజారిటీ పోయింది. 2000 జూలై 2న ప్రతిపక్ష అభ్యర్థి ఫాక్స్ నెగ్గాడు. పీఆర్ఐకే చెందిన దేశాధ్యక్షుడు సెదియో ఆ రాత్రే టీవీలో కనిపించి ఆ గెలుపును ఒప్పుకున్నాడు. ఓట్లు లెక్కపెట్టే చేయి మారిన నాలుగేళ్లకే 71 ఏళ్ల ఏలుబడి ముగిసింది.