తెగిన లిగమెంటు అతుకుతుందా?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నేను ఎముకల డాక్టర్ని. ఐదు నిమిషాలు మోకాలి గురించి మాట్లాడతాను.

మోకీలు మధ్యలో తొడ ఎముకనూ కాలి ఎముకనూ పట్టి ఉంచే లిగమెంటును ఏసీఎల్ అంటాం. విరిగిన ఎముక అతుకుతుంది, తెగిన చర్మం మానుతుంది. ఏసీఎల్ పూర్తిగా తెగితే మాత్రం తనంతట తాను అతుక్కోవడం అరుదు. గాయం మానాలంటే అక్కడ రక్తం గడ్డకట్టాలి, ఆ గడ్డను ఆధారం చేసుకుని కొత్త కణజాలం అల్లుకోవాలి. కీలులోని ద్రవం ఆ గడ్డను నిలవనివ్వదు.

అందుకే రోగి తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో స్నాయువు తీసి కొత్త లిగమెంటుగా అమరుస్తాం. ఇది మంచి పద్ధతే. కాకపోతే ఒకచోట బాగు చేయడానికి ఇంకోచోట కోయాలి. 1980లలో గోర్‌టెక్స్ వంటి కృత్రిమ లిగమెంట్లు వాడి చూశారు. అవి అరిగి తెగిపోయాయి.

అమెరికాలో బోస్టన్ చిల్డ్రన్స్ ఆసుపత్రిలో డాక్టర్ మార్తా మర్రే మరో దారి పట్టారు. ఆవు కొలాజెన్‌తో చేసిన స్పాంజిని తెగిన కొసల మధ్య పెట్టి, రోగి రక్తంతోనే తడుపుతారు. గడ్డ కరగకుండా స్పాంజి కాపాడుతుంది. సుమారు 8 వారాల్లో అది శరీరంలో కలిసిపోతుంది, సొంత కణజాలం అల్లుకుంటుంది. 2015లో తొలిసారి మనుషులకు అమర్చారు. 2020 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. మళ్లీ తెగే ప్రమాదం దీనిలోనూ ఉంది.

2020లో అనుమతించినప్పుడు దీనికొక షరతు పెట్టారు. కాలి ఎముకకు లిగమెంటు మొదలు మిగిలి ఉండాలని, దెబ్బ తగిలిన 50 రోజుల్లోపు ఆపరేషన్ జరగాలని అప్పట్లో అన్నారు. మన దగ్గర జరిగేదేమిటి? నూనె రాసి, కట్టు కట్టి, వాపు తగ్గగానే మళ్లీ కోర్టులోకి దించుతాం. నా దగ్గరకు చాలామంది ఆర్నెల్లకు వస్తారు. ఆలోగా మోకాలు పదేపదే పట్టుతప్పి, లోపలి మెనిస్కస్ కూడా చిరిగి ఉంటుంది. అప్పుడు ఏ పద్ధతికైనా పని కష్టమే.

పిల్లలూ, మోకాలు మెలిపడి ‘టప్’ మన్నా, కొద్ది గంటల్లోనే వాచినా ఆట ఆపండి, ఇంట్లో దాచకండి. డ్రిల్లు మాస్టారూ, ఆటకు ముందు 20 నిమిషాలు దూకి సరిగా దిగడం, తొడల బలం పెంచే కసరత్తులు చేయించండి. స్కాన్ ఖర్చుకు వెనకాడే ఇళ్లకు మన సంఘం తోడుండాలి. మొదటి ఏడాది ఆ ఖర్చు నాది.