డ్యూటీ చార్టు రాసే చెయ్యి



ఇంట్లో నలుగురికి నాలుగు పనులు పురమాయించడానికే మనకు తలప్రాణం తోకకొస్తుంది. మరి కరోనా వార్డులోకి రేపు ఎవరు వెళ్ళాలో కాగితం మీద రాయవలసిన మనిషి సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? ఆవిడే హెడ్ నర్సు. డాక్టర్లను గురించి ఎంతో విన్నాం, సూది వేసే సిస్టర్లనూ మెచ్చుకున్నాం. ఈ నడుమనున్న మనిషిని మాత్రం ఎవరూ పెద్దగా తలచుకోలేదని నాకనిపిస్తుంది.

2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు తేలింది. మా ఆర్మూరు చుట్టుపక్కల పసుపు ఉడకబెట్టి ఆరబోసుకునే రోజులవి. 22వ తేదీ నుంచి అంతా బందు. పసుపు అమ్ముకునేదెట్లా అని మేము దిగులుపడుతుంటే, సర్కారు దవాఖానాలో పనిచేసే నా ఎరుకలోని హెడ్ నర్సమ్మ డ్యూటీ చార్టు ముందేసుకుని కూర్చుంది. ఒకామెకు పాలు తాగే బిడ్డ. ఒకామెకు షుగరు. ఇంకొకామె అత్తగారికి ఆయాసం. "ఎవరి పేరు రాసినా ఆ ఇల్లంతటినీ లోపలికి పంపినట్టే అనిపించేదక్కా" అన్నది నాతో. మొదటి వారం పైన తన పేరే రాసుకుందట. తక్కినవాళ్ళు మారుమాట లేకుండా వెనక నడిచారు.

పి.పి.ఇ. కిట్టు తొడిగితే ఒళ్ళంతా ప్లాస్టిక్ సంచీలో మూటగట్టినట్టే. ఆరు గంటల పాటు మంచినీళ్ళు లేవు, బాత్రూము లేదు. మరి నెలసరి రోజుల్లో? ఆ ముచ్చట మగ ఆఫీసర్లకు చెప్పి డ్యూటీ మార్పించవలసిందీ ఆవిడే. పైగా తొడుక్కోవడం కన్నా విప్పడంలోనే ప్రమాదం. పైభాగం చేతికి తగలకుండా లోపలిది బయటికి మడుస్తూ తియ్యాలి. అలసినవాళ్ళు అక్కడే తడబడతారు. అందుకని ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ కనిపెట్టి చూసేది.

మనకు గ్యాసు బండ అయిపోతే పక్కింటినుంచి తెచ్చుకుంటాం. 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో విడత వచ్చినప్పుడు ఆవిడకు ఆ వీలు ఎక్కడిది? పెద్ద సిలిండరులో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి 10 లీటర్లు పెడితే పదకొండు గంటల పైచిలుకు, 15 పెడితే ఎనిమిది గంటలు కూడా రాదు. ఏ మంచం దగ్గర ఏ వేళకు మార్చాలో నోటుబుక్కులో రాసుకుని రాత్రంతా కాపలా కాసేది.

పసుపు ఊరివాళ్ళం కదా, పసుపు పాలు తాగితే చాలని ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళు మాలో ఉన్నారు. "పాలు తాగండి, కాదనను. వేలికి పెట్టే మిషన్‌లో 94 కన్నా తగ్గితే మాత్రం ఆ గిన్నె దించి దవాఖానాకు రండి" అని ఫోనులో చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు పోయింది.

2020 మార్చి 22న సాయంత్రం ఐదింటికి అందరం చప్పట్లు కొట్టాం. కొన్ని వారాలకే ఆవిడ కింద పనిచేసే అమ్మాయిని అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. అన్నది మనలాంటి గృహిణే! వైద్య సిబ్బందిపై దాడి చేస్తే అయిదేళ్ళ దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళ దాకా జైలు అని కేంద్రం ఆ ఏప్రిల్‌లో 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరించింది. సరే. కాని ఆ రాత్రికి పిల్లకు గది వెతికిందెవరు? హెడ్ నర్సే.

హైదరాబాదు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి హెడ్ నర్సు ఒకరు 2020 జూన్‌లో కరోనాతో చనిపోయారు. రిటైరు కావడానికి ఇక కొద్ది రోజులే ఉన్నాయి. ఆ కబురు విన్న పూట మా నర్సమ్మ అన్నం ముట్టలేదు. సాయంత్రం కూర్చుని మర్నాటి చార్టు రాసింది.

ఉంటానమ్మా, సెలవు.