చలికి మాడిన పెరడు, పగిలిన మడమలు

మన లంబసింగి, చింతపల్లి వైపు గడ్డమంచుకి ఆకులు నల్లబడ్డాయని పెరట్లో మొక్కలు పీకేయకండి. గోరుతో కాండం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మాడిన కొమ్మలు ఇప్పుడే కోయొద్దు, కింది మొగ్గలకి అవే గొడుగు. చలి పోయి కొత్త చిగురు కనపడ్డాక దాని పైన కోయండి. అందాకా ఎరువు వేయొద్దు, లేత చిగురొస్తే మళ్ళీ మాడుతుంది. రాత్రి పాత చీర కప్పి, పొద్దెక్కాక తీసేయండి. టమాటా మొక్క మొదలంటా మెత్తబడితే మాత్రం కొత్త నారు పోసుకోవడమే.

ఇక మన సంగతి. బ్యాంకుకెళ్తే పగిలిన మడమలు కుచ్చిళ్ళ కింద దాచుకుంటాం కదా! రాత్రిపూట గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, తుడిచి, కొబ్బరినూనె రాసి పాత సాక్సులు తొడగండి. షుగరున్నవాళ్ళు నానబెట్టొద్దు, ఆస్పత్రిలో చూపించుకోండి. తెల్లబడే క్రీములకి పొదుపు డబ్బులు పెట్టకండి, కొన్నింట్లో స్టెరాయిడ్ కలుపుతారు.